మార్జిన్‌లో మొగుడు

నెవిల్ ట్రడ్జన్ కాగితం పుస్తకాల మీద యుద్ధం ప్రకటించాడంటే, పుస్తకాలన్నీ చదివేసి విసుగెత్తి ప్రకటించాడని అనుకునేరు. పుట్టి బుద్ధెరిగాక అతను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకం ఒకటే. పడవ ఇంజనుతోపాటు ఉచితంగా ఇచ్చింది. అది కూడా ఇంజను కాలిపోయాక చదివాడు.

అసలు తగువు పుస్తకాల గురించి కాదు, గది గురించి. కెల్ప్ పాయింట్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న వాళ్లింట్లో, ఎండ అన్నిటికన్నా ముందొచ్చి ఆఖర్న పోయే గది ఒకటుంది. దాని నిండా భార్య కోరల్ పుస్తకాలే. నాలుగు వందల పన్నెండు, అన్నీ హత్యలే. కోరల్ కిటికీ తెరుచుకుని అక్కడే కూర్చుని చదువుతుంది. దక్షిణపు గాలి మొదలైతే ఇంట్లో మిగతా కర్టెన్లన్నీ ఎగిరి లైట్లకు చుట్టుకుంటాయి గాని, ఆ గదిలో నీలం కర్టెన్ మాత్రం బుద్ధిగా వేలాడుతూ ఉంటుంది. పేజీలు చెదరవు కాబట్టి ఆమెకి ఆ చోటంటే ఇష్టం.

నెవిల్‌కి ఆ చోటు కావాల్సి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం చేపల క్లబ్బు వార్షిక సమావేశం. 1997 ఈస్టర్ పోటీలో ఆరు కిలోల నూట పది గ్రాముల ఫ్లాట్‌హెడ్ చేపను పట్టినందుకు, ఇరవై ఏడేళ్లయినా ఆ రికార్డు చెక్కు చెదరనందుకు, క్లబ్బు గోడ మీది బోర్డులో అతని పేరు బంగారు అక్షరాలతో రాయించబోతున్నారు. ఆ బోర్డెక్కినవాళ్లు ఇప్పటికి ఆరుగురు. ఆరుగురూ చచ్చాకే ఎక్కారు. బతికుండగా ఎక్కే మొదటి మనిషి తానేనని నెవిల్ పాలవాడికీ, పోస్టువాడికీ, ఎదురింటి కుక్కకీ చెప్పాడు.

అంత వైభవం పట్టడానికి ఇంట్లో ఒక గది ఉండాలి కదా. చేప ఫోటోని తలుపంత సైజులో వేయించి, సోఫా వెనక దాచిపెట్టి, ఒక పథకం వేశాడు. పథకం పేరు ఈ-రీడర్. కోరల్ దాన్ని చూసిన మరుక్షణం పలక అని పేరు పెట్టింది.

"ఇందులో మూడు వేల పుస్తకాలు పడతాయి," అన్నాడు నెవిల్, టీ బల్ల మీద దాన్ని పెడుతూ.

"నువ్వెంత చదివావు?"

"నాలుగు శాతం."

"మూడు వేలలోనా?"

"మొదటి పుస్తకంలో. ఇందులో పేజీలు ఉండవు కోరల్, శాతాలే. ప్రపంచమంతా ఇప్పుడు శాతాల్లోనే చదువుతోంది. కాగితం పని అయిపోయింది. దీంట్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, పడుకుని చదవొచ్చు, నిద్రలో చెయ్యి జారి మొహాన పడ్డా ముక్కు పగలదు."

"నా ముక్కు ఎప్పుడూ పగల్లేదు. నీ మొహాన పడేద్దామని ఒకటి రెండుసార్లు అనిపించింది, అంతే."

"దుమ్ము పట్టదు. పురుగు పట్టదు. ఒకసారి చార్జింగు పెడితే నెల రోజులు వస్తుంది."

"నా పుస్తకాలు 1986 నుంచి వస్తున్నాయి."

"మీ లైబ్రరీ గ్వెండా కూడా ఈ-బుక్సే ఇస్తోందిగా."

"ఇస్తోంది. ఇరవయ్యొక్క రోజులు కాగానే వాటంతటవే మాయమైపోతాయి. మొన్న మా అక్క ఈనిడ్‌కి హంతకుడెవరో తేలే చోట మాయమైంది. వారం రోజులు వాళ్ల ప్లంబర్ని అనుమానించింది పాపం." కోరల్ పలకని తిప్పి వెనక వైపు చూసింది. "పెన్సిలుతో రాయొచ్చా దీంట్లో?"

"పుస్తకంలో రాయడం దేనికి?"

కోరల్ పెన్సిలు చెవి వెనక దోపుకుని లేచింది. "నా పుస్తకాల జోలికి మాత్రం పోకు నెవిల్. నీ మంచికే చెబుతున్నా."

మొగుళ్లకి ఏ సముద్రం ఒడ్డున పుట్టినా ఒకే జబ్బు. 'నీ మంచికే' అన్న మాట వినపడగానే చెవులు మూసుకుపోతాయి.

బుధవారం కోరల్ బేగాలో ఈనిడ్ తుంటి ఆపరేషనుకని బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగిందో లేదో నెవిల్ సూపర్‌మార్కెట్ వెనక్కి వెళ్లి అరటిపళ్ల అట్టపెట్టెలు ఇరవై ఆరు తెచ్చాడు. గురు, శుక్రవారాల్లో ఊళ్లో మంటలార్పే వాలంటీర్ల పాత పుస్తకాల అమ్మకం. చివరి పూట అయిదు డాలర్లకి సంచి నిండా ఎన్ని పడితే అన్ని. నాలుగు వందల పన్నెండు హత్యలూ ట్రైలర్ ఎక్కి, అమ్మకం జరిగే స్కౌట్ హాలుకి వెళ్లిపోయాయి. ఖాళీ అరలో పలక ఒక్కటే పెట్టి, దానికి రిబ్బను కట్టాడు. అవే పుస్తకాలు అందులో మళ్లీ నింపానని, ఇది దొంగతనం కాదు ఆధునికీకరణ అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నిజానికి మూడు వందల ఎనభై దొరికాయి. మిగతావి ఈ-బుక్‌గా రానే లేదు. అందుకు బదులు తోటపని మీద ఉచితంగా వచ్చినవి ముప్పై రెండు వేశాడు. లెక్క లెక్కే కదా. ముప్పయ్యొక్క ఏళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు మరి, కసాయి కొట్టులో తక్కెడ రెండు గ్రాములు తేడా వస్తే తాళం వేయించిన మనిషి.

శనివారం ఉదయం సాసేజీల కోసం ఆ కసాయి కొట్టుకే వెళ్లాడు. కొట్టు యజమానిని అందరూ బ్లూ అంటారు, జుట్టు ఎర్రగా ఉంటుంది గనక. ఆ దేశంలో పేర్లు అలాగే పెడతారు. కొట్టు నిండా జనం. ఎవరూ మాంసం కొంటున్నట్టు లేదు. బ్లూ కత్తి పక్కన పెట్టి, ఏదో పుస్తకం పట్టుకుని గట్టిగా చదువుతున్నాడు.

"'ఈ శవం నయం. అయిదు గంటలుగా కదలకుండా పడుందని డాక్టరు ఆశ్చర్యపోతున్నాడు. మావాడు క్రికెట్ పెట్టుకుని నిన్న ఎనిమిది గంటలు.' తొంభై రెండు, జనవరి మూడు."

జనం విరగబడి నవ్వారు. నెవిల్ కూడా నవ్వాడు. ఎవడో దద్దమ్మ మొగుడు అనుకున్నాడు.

"ఇంకోటి వినండి. 'మార్చి ఆరు. నెవిల్ షెడ్డు కట్టాడు. మార్చి ఏడు. షెడ్డు లేదు. గాలికి పోయిందంటున్నాడు. నిన్న గాలి లేదు.'"

ఈసారి నవ్వు మధ్యలో తెగిపోయింది. బ్లూ తలెత్తి నెవిల్‌ని చూసి, పుస్తకం మూసి, సాసేజీల ట్రే ముందుకు జరిపాడు. "ఎన్ని కావాలి గురూ?"

"ఏమిటది?" అన్నాడు నెవిల్.

"మీ ఆవిడ పుస్తకం. అంచులనిండా పెన్సిలే. లోపల కథ అంత బాగోలేదు గానీ అంచు మాత్రం వదల్లేకపోతున్నాం. నా దగ్గర పదకొండున్నాయి. ఊళ్లో ఇప్పుడు అందరూ ఏం చదువుతున్నారనుకున్నావు? నిన్నే."

సంగతేమిటంటే, ఆ ఊరి లైబ్రరీలో పెద్దవాళ్లకి ఒక అలవాటుంది. చదివేసిన పుస్తకాన్ని మళ్లీ పొరపాటున ఇంటికి తెచ్చుకోకుండా ఇరవై ఏడో పేజీ మూల చిన్నగా పొడి అక్షరాలు రాసుకుంటారు. కోరల్ కూడా పెళ్లైన కొత్తలో తన పుస్తకాల్లో అలా 'కో. ట్ర.' అనే మొదలుపెట్టింది. రెండో వారానికి రెండు మాటలు పెరిగాయి. నెలకి వాక్యాలయ్యాయి. నెవిల్ మొహాన అనాలనుకుని ఊరుకున్న మాటలన్నీ ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ హత్యల పక్కన జమ అవుతూ వచ్చాయి. పక్కనే పడుకుని ఇన్నేళ్లూ పెన్సిలు గీతల చప్పుడు విన్న మహానుభావుడు, ఆవిడ గళ్లనుడికట్టు చేస్తోందనుకున్నాడు.

సాసేజీలు తీసుకోకుండానే బయటికొచ్చాడు. కారు తలుపు మీద చెయ్యి వేశాక అసలు సంగతి తట్టింది. ఆవిడ అన్నీ రాసింది. షెడ్డు రాసింది, క్రికెట్ రాసింది. మరి చేప సంగతి?

చేప సంగతి ఈ భూమ్మీద తెలిసినవాళ్లు ఇద్దరే. 1997 ఈస్టర్ శనివారం తూకం అయ్యాక ఆ చేపని ఇంటికి తెచ్చి కోరల్ చేతికిచ్చి శుభ్రం చెయ్యమన్నాడు, మురిపెంలో బుర్ర పనిచెయ్యక. ఆవిడ కడుపు చీరింది. టంగుమంటూ సింకులో ఒక సీసం గుండు పడింది. గాలానికి కట్టే గుండు. తరవాత ఇంకోటి. మొత్తం అయిదు.

"చాలా బలమైన తిండి తిన్నట్టుంది నెవిల్ ఈ చేప," అంది కోరల్.

అప్పుడు వంటింటి నేల మీద మోకాళ్లేసి బతిమాలాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. గుండ్లు సముద్రంలో పారెయ్యమంటే, "సరేలే," అని చేతులు కడుక్కుంది. ఇప్పుడు ఆ చేప నాలుగు వందల పన్నెండు పుస్తకాల్లో ఏదో ఒక దాని అంచున ఉంది. ఆ పుస్తకం ఊళ్లో ఏదో ఒక ఇంట్లో ఉంది. రేపు మధ్యాహ్నం రెండు గంటలకి బంగారు అక్షరాలు.

నెవిల్ ఇంటికి పరిగెత్తి పలక తీసుకుని, గడపగడపకీ బయలుదేరాడు.

మొదట గ్వెండా ఇల్లు. లైబ్రరీ వ్యాను నడిపే గ్వెండా వరండాలో కాళ్లు చాపుకుని కోరల్ పుస్తకం చదువుతూ కనపడింది. పక్కన ఇంకా రెండు సంచులున్నాయి.

"గ్వెండా, ఆ మురికి కాగితాలు నాకిచ్చెయ్. బదులుగా అవే పుస్తకాలు దీంట్లో చదువుకో. కొత్తవి, శుభ్రంగా ఉన్నాయి."

"ఇంట్లో నాకూ ఒకటుంది నెవిల్. మా వ్యానులో తీసుకునేవాళ్లలో సగంమంది ఇప్పుడు ఈ-బుక్సే. కళ్లు సరిగ్గా కనపడనివాళ్లకి దేవుడిచ్చినట్టుంది, కాదనను. కానీ నీ దాంట్లో అంచులు ఖాళీగా ఉంటాయిగా. ఖాళీ అంచు ఎవరిక్కావాలి?"

"పోనీ చదివిన మేరకు చెప్పు. చేప గురించి ఎక్కడన్నా ఉందా?"

"ఏ చేప?"

"ఏదీ కాదు. ఒకవేళ చేప కడుపులో ఏదో ఉందని రాసుంటే నమ్మకు. ఆవిడకి ఊహాశక్తి ఎక్కువ."

"నమ్మనులే," అంది గ్వెండా. నెవిల్ గేటు దాటేలోపే ఫోను అందుకుంది.

అలా పద్దెనిమిది ఇళ్లు. ఒక్క పుస్తకమూ తిరిగి రాలేదు. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలూ ఒకరి తరవాత ఒకరు చదువుతున్నారు, ఆమె నవ్వుతోంది, అతను లేచి వెళ్లి గిన్నెలు కడుగుతున్నాడు. ఇంకో ఇంట్లో ఒక వాక్యాన్ని చక్కగా రాసి ఫ్రిజ్ మీద అంటించారు: 'ఇందులో డిటెక్టివు పెళ్లాం నాలుగో అధ్యాయంలోనే వదిలేసి వెళ్లిపోయింది. తొందరపడింది. నేనింకా చదువుతున్నాను.' కాగితం పని అయిపోయిందని వారంపాటు ఊరంతా డప్పు కొట్టిన మనిషి, ఒక్క కాగితం పుస్తకం ఇప్పించండి బాబూ అని గుమ్మాల ముందు నిలబడ్డాడు. పలకని ఎవరూ ముట్టుకోలేదు. బ్లూ మాత్రం దాన్ని తక్కెడలో పెట్టి చూసి, నూట డెబ్బై గ్రాములని చెప్పి తిరిగిచ్చాడు.

సాయంత్రం కాకముందే ఆఖరి ఇల్లు చేరాడు. డల్సీ ఫార్క్వర్ ఇల్లు. డల్సీకి ఎనభయ్యొక్క ఏళ్లు, నలభై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. 1997 పోటీలో అయిదు కిలోల నాలుగు వందల గ్రాముల చేపతో రెండో స్థానం ఆవిడదే. ఆ తరవాత ఆవిడ మళ్లీ పోటీలో గాలం వెయ్యలేదు.

"కూర్చో నాయనా," అంది డల్సీ. "నువ్వొస్తావని గ్వెండా ఫోను చేసింది. నా దగ్గరున్న మూడు సంచులూ చూశాను. చేప మాట ఎక్కడా లేదు."

నెవిల్‌కి ప్రాణం లేచొచ్చింది. "నేనూ అదే అనుకున్నా డల్సీ. ఒట్టి పుకారు."

"అవునవును. జనం నోటికి హద్దేముంది. చేప కడుపులో ఏడెనిమిది సీసం గుండ్లున్నాయని కూడా అంటారు రేపు."

"అయిదు," అన్నాడు నెవిల్.

తప్పు లెక్క వింటే ఊరుకోలేడు, ముప్పయ్యొక్క ఏళ్ల ఉద్యోగం. డల్సీ తల ఊపి, టీ కప్పు అతని ముందుకు జరిపింది.

"అయిదా. చిన్నవై ఉంటాయి."

"ఏం చిన్నవి? ఒక్కోటీ రెండు వందల ఇరవై అయిదు గ్రాములు. కానీ అదంతా కోరల్ కల్పన, అర్థమైందిగా? రాసుంటే నమ్మకూడదు."

"రాసుంటే అసలు నమ్మను," అంది డల్సీ. కళ్లద్దాలు పెట్టుకుని, కోరల్ పుస్తకం ఒకటి తీసి, దాని వెనక అట్ట మీద పెన్సిలుతో ఏదో తీసివేత చేసుకుంది. నెవిల్ టీ తాగి, లామింగ్‌టన్ కేకు రెండు ముక్కలు తిని, గండం గడిచిందనుకుంటూ ఇల్లు చేరాడు.

ఆదివారం పదకొండింటికి కోరల్ బస్సు దిగింది. సంచి కింద పెట్టి సూటిగా ఎండ గదిలోకి వెళ్లింది. ఖాళీ అరలు చూసింది. రిబ్బను కట్టిన పలకని చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఏడవడం నెవిల్ ముప్పై ఎనిమిదేళ్లలో రెండుసార్లే చూశాడు.

"అన్నీనా?"

"అన్నీ. కోరల్, తిట్టుకో, తరవాత నీ ఇష్టం. ముందిది చెప్పు. చేప సంగతి ఏ పుస్తకంలో రాశావు? ఊరంతా వెతికాను."

"ఏ చేప సంగతి?"

"తొంభై ఏడు. గుండ్లు."

కోరల్ ముక్కు తుడుచుకుని అతన్ని పైకీ కిందకీ చూసింది. "అది రాయలేదు."

"రాయలేదా? షెడ్డు రాశావుగా."

"షెడ్డు గురించి నువ్వు మాట తీసుకోలేదు. చేప గురించి తీసుకున్నావు. నోటితో చెబితే ఒకటీ పెన్సిలుతో చెబితే ఒకటీనా? మాటంటే మాటే." రిబ్బను ముడి లాగుతూ అడిగింది. "ఊరంతా వెతికానన్నావు. ఏమని అడిగావేమిటి?"

నెవిల్ కుర్చీలో కూలబడ్డాడు. పద్దెనిమిది ఇళ్లూ వరసగా కళ్లముందు తిరిగాయి. మొదటి ఇంట్లో చేప. నాలుగో ఇంట్లో బరువు. తొమ్మిదో ఇంట్లో సీసం. డల్సీ ఇంట్లో గ్రాములతో సహా.

"ఓరి నీ తెలివి తెల్లారా," అంది కోరల్. "నేను ఇరవై ఏడేళ్లు నా కడుపులో దాచింది నువ్వు ఒక్క పూటలో ఇంటింటికీ పంచొచ్చావా?"

ఒంట్లో బాగాలేదని మంచమెక్కబోతే కోరల్ ఒప్పుకోలేదు. టై తనే కట్టి, ముందు నడిపించుకుని వెళ్లింది. క్లబ్బులో అంతమందిని నెవిల్ ఎన్నడూ చూడలేదు. బల్ల మీద తూకం యంత్రం పెట్టుంది. దానిలో అయిదు సీసం గుండ్లు, బ్లూ కొత్తవి కొని తెచ్చాడు. ముల్లు కిలో నూట ఇరవై అయిదు దగ్గర ఆగి ఉంది.

"నెవిల్, తూకం సరిపోయిందా?" అనడిగాడు బ్లూ. "నువ్వు చెబితేనే. మాకు నీ అంత అనుభవం లేదు."

నెవిల్ దగ్గరికెళ్లి ముల్లు చూశాడు. "సరిపోయింది," అన్నాడు. ఇంకేమంటాడు.

ఆరు కిలోల నూట పదిలోంచి అది తీసేస్తే నాలుగు కిలోల తొమ్మిది వందల ఎనభై అయిదు, డల్సీ చేపకన్నా తక్కువ. పెయింటరు నిచ్చెనెక్కి, బంగారు రంగు డబ్బా తెరిచి, డల్సీ ఫార్క్వర్ అని రాశాడు. ముసలావిడ కింద నిలబడి ప్రతి అక్షరం పూర్తయ్యేదాకా చూసింది. గట్టిగా చప్పట్లు కొట్టింది కోరలే.

తిరిగొచ్చేసరికి వరండాలో అరటిపళ్ల పెట్టెలు ఇరవై ఆరూ వరసగా పేర్చి ఉన్నాయి. కోరల్ ఏడ్చిందని ఆవిడ కళ్లు చూడగానే గ్వెండాకి తెలిసింది. ఇక ఊళ్లో ఒక్క పుస్తకమైనా ఎవరింట్లో ఉంటుందా. నాలుగు వందల పన్నెండూ తిరిగొచ్చాయి. ఒట్టిగా రాలేదు. ఆవిడ పెన్సిలు రాతల కింద బ్లూ, గ్వెండా, పేరు రాయనివాళ్లు, తలా ఒక మాట చేర్చారు. షెడ్డు గురించే నాలుగు రకాల చేతిరాతలున్నాయి. నెవిల్ వాటినన్నిటినీ తన చేతులతోనే అరల్లో సర్దాడు. పలకని మర్నాడు, సోమవారం, ఈనిడ్‌కి పోస్టులో పంపారు. తుంటి నయమయ్యేదాకా మంచం దిగకూడదు, అక్షరాలు పెద్దవి కావాలి. ఆవిడ మూడు రోజుల్లో రెండు పుస్తకాలు వంద శాతం చదివి, తోటపని పుస్తకాలు ఎవడు వేశాడని ఫోను చేసింది. తలుపంత ఫోటో సోఫా వెనకే ఉండిపోయింది.

ఆ సోమవారమే మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచింది. వంటింటి కర్టెన్ ఎగిరి టీ కెటిల్‌ని పడగొట్టింది. హాలు కర్టెన్ లైటుకి చుట్టుకుంది. వాటిని విడదీసి అలసిపోయిన నెవిల్ ఎండ గది గుమ్మంలోకి వచ్చి ఆగాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. కోరల్ పుస్తకం చదువుకుంటోంది. నీలం కర్టెన్ కదల్లేదు.

ఇరవై ఏడేళ్లలో మొదటిసారి దాన్ని గమనించాడు. దగ్గరికి వెళ్లి వంగి, కింది అంచు కుట్టు వేళ్లతో తడిమాడు. గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. జానెడు అవతల ఇంకోటి. అలా తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి మోకాళ్ల మీద వెళ్లాడు.

"మంచి సీసం సముద్రంలో పారెయ్యడం దేనికని," అంది కోరల్, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. చెవి వెనక పెన్సిలు తీసింది. "ఇప్పుడు రాసుకోవచ్చుగా. ఎన్నున్నాయి?"

"అయిదు," అన్నాడు నెవిల్, నేల మీద నుంచే.

కోరల్ రాసుకుంది.